మేడ మీద యోగా విద్యార్థులు

అందరికీ నమస్కారం.

ఇప్పుడే పరిచయంలో 'యోగా మీద ప్రసంగం' అన్నారు. ముందే చెప్పేస్తున్నాను, ఆసనాల గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. కింద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకునే మనిషిని. (నవ్వులు) పెళ్లయి మైసూరు వెళ్లాను, అక్కడే ఉండిపోయాను. అక్కడ గోకులం అనే పేటలో మా ఇల్లు. మేడ మీద ఒక పోర్షన్ ఉంది. గది, చిన్న వంటిల్లు, బాత్రూమ్, బయట కాస్త డాబా. దాన్ని యోగా నేర్చుకోవడానికి వచ్చే విదేశీయులకి అద్దెకిస్తాం. వాళ్లు యోగశాలలో, మేమంతా శాల అనే అంటాం, ఏం చేస్తారో నేనెప్పుడూ లోపలికెళ్లి చూడలేదు. శాల నుంచి ఇంటికొచ్చాక ఏం చేస్తారో, ఎక్కడ తడబడతారో, ఎప్పుడు కుదురుకుంటారో మాత్రం దగ్గర్నుంచి చూశాను. సాధన గంటన్నర, మహా అయితే రెండు గంటలు. మిగతా ఇరవై రెండు గంటలూ మా మేడ మీదో, మా వీధిలోనో గడవాలి. ఆ ఇరవై రెండు గంటలు సర్దుకున్నవాళ్లకే ఆ రెండు గంటలూ కలిసొచ్చాయని నా లెక్క.

మైసూరే ఎందుకు వస్తారని అడుగుతారు అందరూ. దానికి రాజుగారి దగ్గర్నుంచి చెప్పుకురావాలి. నాలుగో కృష్ణరాజ ఒడయార్‌కి యోగా మీద గురి. ఆయన ఆదరణలో తిరుమల కృష్ణమాచార్యులు 1930లలో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపారు. బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్ ఆయన శిష్యులే. ఆ దశాబ్దం చివర్లో ఇంద్రాదేవి అనే ఆవిడ వచ్చింది. పేరు మనదే కానీ అసలు పుట్టింది యూరప్‌లోని రీగాలో, 1899లో. నేర్పమని అడిగితే ఆచార్యులవారు కుదరదన్నారు. విదేశీయురాలు, పైగా ఆడమనిషి. రాజుగారు చెప్పాక ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక ఆవిడ ఏం తినాలో, ఏం తినకూడదో, ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు లేవాలో అన్నిటికీ నియమాలు పెట్టారు. ఆవిడ అవన్నీ పాటించింది. తర్వాత షాంఘైలోనూ హాలీవుడ్‌లోనూ యోగా బడులు పెట్టింది. నూరేళ్లు దాటి బతికి 2002లో పోయింది. ఆసనం కన్నా ముందు ఆవిడ కంచం మీదా పక్క మీదా చెయ్యి వేశారు చూడండి ఆచార్యులవారు, ఆయన లోకం తెలిసిన మనిషి అనిపిస్తుంది నాకు.

పట్టాభి జోయిస్ 1948లో మైసూరులోనే లక్ష్మీపురంలో తన ఇంట్లో యోగా సంస్థ పెట్టారు. 1964లో ఆంద్రే వాన్ లిస్‌బెత్ అనే బెల్జియం ఆయన వచ్చి నేర్చుకుని వెళ్లి తన పుస్తకంలో రాశాక యూరప్ వాళ్లు రావడం మొదలైంది. 1970లలో అమెరికన్లు వచ్చారు. లక్ష్మీపురం గదిలో పట్టేది డజను మంది. మిగిలినవాళ్లు మెట్ల మీద కూర్చుని వంతు కోసం చూసేవాళ్లని పెద్దవాళ్లు చెప్పేవారు. 2000 తర్వాత ఆ శాల గోకులానికి వచ్చింది. దాంతో మా వీధుల రూపే మారిపోయింది. జోయిస్ గారు 2009లో పోయారు. మనవడు శరత్ జోయిస్ 2024 నవంబరులో అమెరికాలో ఉండగా పోయారు. ఇప్పుడు ఊళ్లో గురువులు చాలామందే ఉన్నారు, ఎవరి పద్ధతి వాళ్లది. రావడం మాత్రం ఆగలేదు.

సరే, చరిత్ర చాలు. మనిషి దిగుతాడు. బెంగళూరు ఎయిర్‌పోర్టు నుంచి నాలుగైదు గంటలు కారులో ఊగుతూ, సగం నిద్రలో, రెండు సూట్‌కేసులూ ఒక చాప చుట్టా పట్టుకుని మా గేటు దగ్గర దిగుతాడు. మనమైతే మంచినీళ్లిచ్చి పడుకోమంటాం. నేను మాత్రం ముందు పాస్‌పోర్టు ఇమ్మంటాను. వాళ్లకి ఇది మొరటుగా అనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ విదేశీయుడికి ఇంట్లో చోటిచ్చినవాళ్లు 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో ఆ వివరాలు ప్రభుత్వానికి తెలియజేయాలి. మా వీధిలో అందరం దాన్ని ఫారం-సి అనే అంటాం. పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, ఎక్కడ దిగారు, ఎప్పుడు దిగారు, ఫొటో. అలసిపోయిన మొహాన్ని గోడకి ఆనించి నిలబెట్టి ఫొటో తీస్తాను. ఆ ఫొటో చూసుకుని తర్వాత వాళ్లే నవ్వుకుంటారు. నెలా రెండు నెలల యోగా తరగతులకైతే టూరిస్టు వీసా మీదే రావచ్చు. యూనివర్సిటీలో కోర్సులాంటిది చదవాలంటే స్టూడెంట్ వీసా కావాలి. అలాంటి 180 రోజులు దాటిన వీసా అయితే దిగిన 14 రోజుల్లో ఎఫ్ఆర్ఆర్ఓ, అంటే విదేశీయుల పేర్లు నమోదు చేసే ఆఫీసు, దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి. ఎవరైనా ఈ పని మొదలుపెడదామనుకుంటే, ఇందులో బద్ధకం పనికిరాదు. గెస్టు మంచివాడే కావచ్చు, కాగితం లేకపోతే ఇద్దరికీ ఇబ్బందే.

ఆ తర్వాత ఇల్లు చూపించాలి. ఇల్లు చూపించడమంటే స్విచ్చులు చూపించడం. చాలా దేశాల్లో ప్లగ్గు పెడితే కరెంటు వచ్చేస్తుందట, పక్కన స్విచ్చు వెయ్యక్కర్లేదట. ఫోను రాత్రంతా చార్జింగ్‌లో పెట్టి పొద్దున్న చూస్తే ఎక్కదు. ఆ మొదటి పొద్దున్న అలారం మోగదు, క్లాసు పోతుంది. ఇంకొకటి, మన కరెంటు 230 వోల్టులు. అమెరికా నుంచో జపాన్ నుంచో తెచ్చిన హెయిర్ డ్రయ్యర్ ఇక్కడ పెడితే ఠప్పుమంటుంది. నేనిప్పుడు వాళ్లు సామాన్లు సర్దుతున్నప్పుడే అడిగేస్తాను, 'డ్రయ్యర్ తెచ్చావా అమ్మా?' అని.

నీళ్ల సంగతి ఇంకా పెద్దది. మా ఊరికి కావేరి నీళ్లూ కబిని నీళ్లూ వస్తాయి. మునిసిపాలిటీ నీళ్లు సంపులో పడతాయి, మోటారు వేస్తే మేడ మీద ట్యాంకులోకి ఎక్కుతాయి. కుళాయి తిప్పితే నీళ్లు రావడం వెనక ఒక మనిషి మోటారు వేసి ఉండాలని వాళ్లకి తెలీదు. పైన సోలార్ హీటరు. వేడినీళ్లు పగలు తయారై ట్యాంకులో ఉంటాయి, కానీ గొట్టంలో నిలిచినవి చల్లటివే. తెల్లవారుజామున మూడున్నరకి కుళాయి తిప్పితే ముందు చల్లటి నీళ్లే పడతాయి. వేడినీళ్లు లేవనుకుని కట్టేసి, వణుకుతూ చన్నీళ్లు పోసుకునేవాళ్లు. అడిగితే 'పర్వాలేదు ఆంటీ, ఇది తపస్సు' అనేవాళ్లు. తపస్సు కాదు తల్లీ, బకెట్టు చల్లనీళ్లు పక్కకి పట్టుకుంటే ఆ వెనకే కాగినవి వస్తాయి! (నవ్వులు) ఇప్పుడు బాత్రూము తలుపు మీద బొమ్మ వేసి అంటించాను. మొదటి బకెట్టు, రెండో బకెట్టు. భాష అక్కర్లేదు.

ఇక అసలు చిక్కు. నిద్ర.

యోగా అంటే పొద్దున్నే అని మనకి తెలుసు. కానీ ఎంత పొద్దున్న అనేది తెలీదు. కొన్నిచోట్ల నాలుగున్నరకే మొదటి బ్యాచ్. కొత్తవాళ్లకి ఆలస్యంగా ఇస్తారు, పాతబడేకొద్దీ ముందు బ్యాచీల్లోకి తోస్తారు. గోకులం శాల గడియారం పావుగంట ముందుంటుందని పిల్లలు చెప్పేవాళ్లు. అందుకని లెక్కలన్నీ ఇంకో పావుగంట వెనక్కి. మూడింటికి లేవడం, ఒక బ్లాక్ కాఫీ, స్నానం, ఖాళీ కడుపుతో నడుచుకుంటూ వెళ్లడం. అక్కడ వసారాలో కూర్చుంటే లోపల ఒక చాప ఖాళీ అయినప్పుడు 'వన్ మోర్' అని కేక వినపడుతుంది, వంతు వచ్చినవాళ్లు లోపలికెళ్తారు. అందరూ కలిసి ఒకేసారి చెయ్యరు. ఎవరి ఆసనాల వరస వాళ్లకి కంఠతా వచ్చుండాలి, గురువు చుట్టూ తిరుగుతూ సరిచేస్తారు. దీన్నే మైసూరు పద్ధతి అంటారు. గురువు చెప్పినదాకానే చెయ్యాలి, తర్వాతి ఆసనం వాళ్లిస్తేనే.

మూడింటికి లేవాలంటే రాత్రి ఎనిమిదికి పడుకోవాలి. ఎనిమిదింటికి మన ఇళ్లల్లో ఏం జరుగుతోందో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పటికింకా పప్పు తాలింపు పడదు. టీవీ, కుక్కరు విజిల్, పిల్లల హోమ్‌వర్కు, ఎదురింటివాళ్లు స్కూటరు లోపలికి తోసేటప్పుడు గేటు చప్పుడు. ఆ శబ్దాలన్నిటి మీద పడుకోవడం నేర్చుకోవాలి వాళ్లు. వినాయక చవితికి మైకు. దీపావళికి టపాకాయలు. పక్కన కల్యాణ మండపం ఉంటే ఇక చెప్పేదేముంది. మొదట్లో వచ్చిన ఒకాయన రాత్రి తొమ్మిదింటికి కిందకొచ్చి, చేతులు కట్టుకుని, 'ఆ పెళ్లి ఎప్పుడు ఆపుతారు?' అని అడిగాడు. ఎవరిని అడగమంటాడో తెలీదు. మా ఆయన ఆయన్ని వెంటబెట్టుకుని ఆ పెళ్లికే తీసుకెళ్లాడు. అరిటాకులో భోంచేసి, పెళ్లికొడుకు పక్కన ఫొటో దిగి పదకొండింటికి వచ్చారు ఇద్దరూ. మర్నాడు క్లాసుకి వెళ్లలేదట.

అదే ధనుర్మాసంలో మాత్రం వాళ్లదే పైచెయ్యి. గుళ్లో మైకు పెట్టేసరికి మనం విసుక్కుంటూ దుప్పటి కప్పుకుంటాం, వాళ్లు అప్పటికే వీధి చివరికి నడిచి వెళ్లిపోయి ఉంటారు. ఆ వేళకి ఊళ్లో మేలుకుని ఉండేది ముగ్గురే, పూజారిగారు, పాలవాడు, యోగా పిల్లలు. పాలవాడితో వాళ్లకి బాగా స్నేహం. ఒక కుర్రాడు కన్నడం మొత్తం పాలవాడి దగ్గరే నేర్చుకున్నాడు. సైకిలు, అర లీటరు, నిన్నటి బాకీ, ఇవే మాటలు వచ్చు. (నవ్వులు)

ఇంకా ఒక జాతి మేలుకుని ఉంటుందండోయ్, వీధి కుక్కలు. పగలు తోకాడించే కుక్కే తెల్లవారుజామున నాలుగింటికి వేరే కుక్క. జపాన్, బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి చోట్ల కుక్కల్లో రేబిస్ లేదు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకి ఆ భయం ఒంట్లో ఉండదు, ముద్దు చెయ్యబోతారు. అందుకని వచ్చిన మొదటి సాయంత్రమే నేను వెంట వెళ్తాను. వెలుగుండగానే శాల దారంతా నడిచి, ఏ మలుపులో ఎన్ని కుక్కలున్నాయో చూపిస్తాను. పరిగెత్తకూడదు. కళ్లలోకి చూడకూడదు. వీలైతే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లాలి. ఇంత చేసినా ఒకసారి ఒకమ్మాయికి పిక్క మీద పన్ను దిగింది. 'చిన్న గీతే, ఏం కాలేదు' అని క్లాసుకి వెళ్లబోయింది. నేను వెళ్లనివ్వలేదు. కుళాయి కింద కూర్చోబెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగించి, ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లి టీకా వేయించాను. వాళ్ల దేశంలో ముందే టీకా వేయించుకుని వచ్చినా సరే, కరిచాక మళ్లీ వేయించుకోవాల్సిందే. ఇది మీకూ చెప్తున్నాను. చిన్న గీత అని ఊరుకోకండి.

కడుపు సంగతి త్వరగా చెప్పేస్తాను, అందరికీ తెలిసిందే. మొదటి పది పదిహేను రోజుల్లో ఎప్పుడో ఒకసారి పడిపోతారు. ఓఆర్ఎస్ ప్యాకెట్టు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగాలి. తగ్గకపోయినా, జ్వరం వచ్చినా, రక్తం పడినా డాక్టరు. పెరుగన్నం నేనిస్తాను. చాలామందికి పెరుగన్నం మా ఇంట్లోనే పరిచయమైంది. అప్పుడు మాత్రం సాధన మానాలి. మానమంటే బాధపడతారు, డబ్బు కట్టాం, సెలవు పెట్టుకుని వచ్చాం, రోజు పోతోంది అని. ఆ ఆత్రం చూస్తే నాకు భయమేస్తుంది.

వాళ్లకి సెలవులు వేరే లెక్క. శనివారం సాధన ఉండదు. పౌర్ణమికీ అమావాస్యకీ ఉండదు. నెలలో ఆ మూడు రోజులు ఆడవాళ్లకి ఉండదు. మా వంటింట్లో తిథులున్న పెద్ద క్యాలెండరు వేలాడుతుంటుంది. మేడ మీదవాళ్లు దిగొచ్చి అమావాస్య ఎప్పుడో వేలు పెట్టి లెక్కపెట్టుకుంటారు. మనకి అమావాస్య అంటే మంచి పనులు వాయిదా. వాళ్లకి ఆరింటిదాకా నిద్ర. అమావాస్య ముందు రాత్రి మా మేడ మీద పండగ వాతావరణం, తొమ్మిదిన్నరదాకా దీపాలు వెలుగుతూనే ఉంటాయి!

శనివారం ఆముదం. ఇది మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా బాత్రూము తూము పడిన కష్టం నాకే తెలుసు. జోయిస్ గారి పద్ధతిలో వారానికోసారి తలకీ ఒంటికీ ఆముదం పట్టించి తలంటుకోవడం ఉంది. కీళ్ల నొప్పులకీ ఒంటి వేడికీ మంచిదని. ఇది విని వీళ్లు అంగడికెళ్లి ఆముదం సీసా తెచ్చుకుంటారు. మనకి నువ్వులనూనె తలంటు తెలుసు, కొబ్బరినూనె తెలుసు. ఆముదం జిడ్డు వేరు. ఒక ఫ్రెంచి అమ్మాయి తల నుంచి పాదాలదాకా దట్టంగా రాసుకుని గంటసేపు కూర్చుంది. మొదటిసారి అయిదారు నిమిషాలతో మొదలెట్టి వారం వారం పెంచాలని శాలలో చెప్పారట, ఈవిడ ఒకేసారి కానిచ్చేద్దామనుకుంది. తర్వాత షాంపూతో కడిగింది. పోలేదు. మళ్లీ షాంపూ. పోలేదు. వేడినీళ్లు అయిపోయాయి. బాత్రూము నేలంతా నూనె, పాదం ఆనడం లేదు. లోపల్నుంచి 'ఆంటీ!' అని కేక. నేను తలుపు సందులోంచి ముందు పాత బస్తా ఒకటి లోపలికి వేశాను, కాళ్ల కింద వేసుకోమని. తర్వాత సీకాయపొడి, సెనగపిండి కలిపి గిన్నెతో ఇచ్చాను. నీళ్లు పొయ్యకుండా ముందు ఆ పొడి రుద్దాలి, అది నూనెని పీల్చుకుని ముద్దలు ముద్దలుగా రాలుతుంది, అప్పుడు నీళ్లు. ఈ మాట ఆ అమ్మాయికి తలుపు ఇవతల నిలబడి ఇంగ్లీషులో చెప్పడానికి నేను పడ్డ పాట్లు దేవుడికెరుక. బయటికొచ్చాక ఆ రోజంతా పడుకుంది, ఒళ్లు తెలియకుండా. ఆ ముద్దలన్నీ తూములో గడ్డకట్టాయి. సోమవారం ప్లంబరు వచ్చి, తీగ పెట్టి లాగి, 'ఏం వండుతున్నారమ్మా పైన?' అన్నాడు. (నవ్వులు) ఇప్పుడు శనివారం తలంటు మా పెరట్లో బట్టలుతికే రాయి దగ్గర. ఒంటి మీద పాత లుంగీ, పక్కన కాగిన నీళ్ల గుండిగ. మా అత్తగారు ఉన్నన్నాళ్లూ ఆవిడే అజమాయిషీ చేసేవారు, కూర్చున్నచోటినుంచి కర్రతో చూపిస్తూ, 'చెవి వెనక, చెవి వెనక' అని తెలుగులో. వాళ్లకి అర్థమయ్యేది.

ఫోను విషయం చిరాకు. ఈ రోజుల్లో మన దేశంలో ఫోను నంబరు లేకపోతే మనిషి లేనట్టే. ఆటో బుక్ చేయాలన్నా, రైలు టికెట్టు తీయాలన్నా, పళ్లు తెప్పించుకోవాలన్నా ఓటీపీ. నంబరు కావాలంటే పాస్‌పోర్టు, వీసా, ఇక్కడ తెలిసినవాళ్ల నంబరు. ఆ తెలిసినవాళ్లం మేమే. సిమ్ పనిచేసేదాకా ఓటీపీలు నా ఫోనుకే వస్తాయి. నేను పప్పు రుబ్బుతుంటే పై నుంచి కేక, 'ఆంటీ, నంబర్!' స్కూటరు అద్దెకి తీసుకోవాలని అందరికీ మోజే. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకుంటే సరే, లేకపోతే సైకిలు కొనుక్కో అంటాను. ప్రమాదం జరిగితే లైసెన్సు లేనివాడికి ఇన్సూరెన్సు రాదు, అప్పుడు వాళ్ల అమ్మానాన్నలకి ఫోను చెయ్యాల్సింది నేను.

ఇప్పుడు నాకు కొంచెం కోపం తెప్పించే సంగతి. గోకులంలో ఇప్పుడు వాళ్ల కోసమే కేఫ్‌లున్నాయి, వాళ్ల రొట్టె, వాళ్ల సలాడు, వాళ్ల కాఫీ. శాల నుంచి అక్కడికి, అక్కడినుంచి గదికి, సాయంత్రం ఇంకో కేఫ్‌కి. చుట్టూ వాళ్లవాళ్లే. అలా రెండు నెలలుండి, దేవరాజ మార్కెట్టు ఒక్కసారి చూసి, చాముండి కొండ మెట్లు ఒకసారి ఎక్కి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. తప్పని అనను, కొత్తచోట తనవాళ్లని వెతుక్కోవడం మనిషి గుణం. మన పిల్లలు డాలస్‌లో చేస్తున్నదేంటి మరి? తెలుగువాళ్లున్న అపార్టుమెంటే చూసుకుంటారు, ఇడ్లీపిండి దొరికే కొట్టు ఎక్కడుందో మొదటి వారంలోనే కనుక్కుంటారు. మనమూ ఫోనులో అదే అడుగుతాం. కాబట్టి కోపం రావడం అన్యాయమే, అయినా వస్తుంది. ఎందుకంటే ఆ గుంపులో ఉన్నంతసేపూ మాట్లాడుకునేది ఒకటే: నీకు ఏ ఆసనం ఇచ్చారు, నాకింకా ఎందుకివ్వలేదు. పొద్దున్న చాప మీద వదిలేసి రావాల్సింది రాత్రిదాకా నోట్లో నలుగుతూనే ఉంటుంది. మేడ మెట్ల మీద కూర్చుని ఏడ్చినవాళ్లని చూశాను నేను, ఒంటికి దెబ్బ తగిలి కాదు, పక్కవాడికి ముందు ఆసనం ఇచ్చారని.

కెనడా నుంచి ఒకమ్మాయి వచ్చింది. నర్సు ఉద్యోగం, సెలవు పెట్టుకుని వచ్చింది. మరీచ్యాసనం దగ్గర ఆగిపోయింది. అందులో నాలుగు రకాలున్నాయట, నాలుగోది పడలేదు. ఒక కాలు పద్మాసనంలో మడిచి, ఇంకో మోకాలి చుట్టూ చెయ్యి తిప్పి వెనక రెండో చేతిని పట్టుకోవాలి. చెయ్యి అందదు. వారాలు గడిచినా అక్కడే. మూడో వారానికి తిండి తగ్గింది, మాట తగ్గింది. అది జనవరి, మాకు అవరెకాయల రోజులు. మన చిక్కుడు జాతే, గింజ కోసం పండిస్తారు. మైసూరులో ఆ గింజలు నానబెట్టి ఒక్కొక్కటీ వేళ్లతో నొక్కి పైతొక్క తీసి కూర చేస్తారు. రుచి అమోఘం, పని నరకం. నేను గుమ్మంలో పళ్లెం పెట్టుకుని కూర్చున్నా. ఆ పిల్ల మెట్ల మీద దిగులుగా ఉంది. 'ఇలా రా' అని ఒక గుప్పెడు ముందు పోశాను. మొదట గట్టిగా నొక్కితే గింజ ఎగిరి పెరట్లో పడింది. రెండోదీ అంతే. బొటనవేలితో కొసన కాస్త ఒత్తితే తొక్క వదిలేస్తుందని చూపించాను. పావుగంటలో చెయ్యి తిరిగింది. ఎదురింటి గౌడర వాళ్లావిడ కూడా వచ్చి కూర్చుంది. వాళ్లిద్దరికీ ఒక్క భాషా కలవదు. ఆవిడ మోకాలి నొప్పి అని చూపించింది, ఈ పిల్ల నర్సు కదా, చేత్తో పట్టి చూసి ఎలా మడవాలో, ఎక్కడ ఆపాలో చేసి చూపించింది. ఆ మర్నాటినుంచి మధ్యాహ్నం పూట ఎదురింట్లోనే ఉండేది. మోకాళ్ల నొప్పులవాళ్లు ఇంకో నలుగురు తయారయ్యారు! చెయ్యి అందిందా అని మీరు అడగబోతున్నారు. తెలీదు. ఆ తర్వాత ఆ అమ్మాయి నా దగ్గర ఆసనం మాట ఎత్తలేదు. రాత్రి ఎనిమిదింటికి దీపం ఆర్పేది, కంచంలో అన్నం మిగిల్చేది కాదు. ఇంటామెగా నాకు తెలిసే లెక్కలు ఆ రెండే.

బట్టల గురించి ఒక మాట. సాధనకి బిగుతు బట్టలు కావాలి, అది వాళ్ల పని. వీధిలోకొచ్చేటప్పుడు పైన ఒక చొక్కానో చున్నీనో వేసుకోమంటాను, వేసుకుంటారు. కానీ వేసుకోనివాళ్లని గుచ్చి గుచ్చి చూసే పెద్దమనుషులకి కూడా నేను చెప్పేది ఉంది. మీ ఇంటి మేడకి అద్దె వస్తున్నది ఆ పిల్లల వల్లే, చూపు కాస్త దించుకుంటే నష్టం లేదు. (చప్పట్లు) అద్దెల సంగతీ అంతే. విదేశీయులు కదా అని రెట్టింపు చెప్పేవాళ్లున్నారు. అడ్వాన్సు తీసుకుని వెళ్లేరోజు రంగు ఖర్చనీ కరెంటు బిల్లనీ కోసేవాళ్లున్నారు. విమానం టైముకి వాదించలేరని ధైర్యం. ఊరి పేరు పోయేది ఇలాంటి వాటితోనే. మా ఇంట్లో అయితే గెస్టు వచ్చిన రోజే మీటరు రీడింగు ఫొటో తీసి ఇద్దరం ఉంచుకుంటాం, వెళ్లేముందు రాత్రి మళ్లీ తీస్తాం. గొడవ లేదు.

వెళ్లేటప్పుడు సామాను పంచుకునే పద్ధతి భలేగా ఉంటుంది. బకెట్టు, మగ్గు, కాఫీ ఫిల్టరు, చాప మీద పరుచుకునే నూలు రగ్గు, దోమతెర. ఇవేవీ విమానమెక్కవు. తర్వాత వచ్చేవాళ్లకి వదిలేస్తారు. మా మేడ మీద ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లకి పెట్టె తాళం ఇస్తాను, కావలసినవి తీసుకుంటారు. ఎవరో ఒకాయన కుక్కల దారి మ్యాపు గీసి అందులో పెట్టి వెళ్లాడు, ఏ మలుపులో ఏ రంగు కుక్క, దాని స్వభావం ఏంటి, బిస్కెట్టుకి లొంగుతుందా లేదా. కుక్కలు మారినప్పుడల్లా తర్వాతివాళ్లు దాన్ని దిద్దుతున్నారు. ఇప్పుడు అందులో నాలుగు భాషల చేతిరాతలున్నాయి.

అక్టోబరు నుంచి మార్చిదాకా మాకు ఖాళీ ఉండదు. ఈసారి వచ్చేవాళ్లెవరో ముందే రాశారు, భార్యాభర్తలు, మూడేళ్ల పాపతో. ఇద్దరూ సాధనకి వెళ్లాలి, ఒకళ్లు తిరిగొచ్చాక ఒకళ్లు వెళ్లేలా బ్యాచీలు అడిగారట. ఇస్తారో లేదో తెలీదు. ఇవ్వకపోతే తెల్లవారుజామున పాప దగ్గర ఎవరు పడుకోవాలనేది మా ఇంట్లో ఇప్పటికే చర్చ నడుస్తోంది, మా ఆయన పేరు వినపడుతోంది. (నవ్వులు)

మీకేమైనా అడగాలనుంటే అడగండి. ఆసనాల గురించి తప్ప.